సారు చూసిన స్లైడు

కిందటి వారం నళినిని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి మనం వచ్చేశాం. ఆమె మాత్రం అక్కడి నుంచి చాలాసేపు లేవలేకపోయింది. కొత్తగా చేరినవాళ్ళు వెనకబడకుండా జరిగిందంతా నాలుగు మాటల్లో చెబుతాను.

నళినికి ఇరవై తొమ్మిదేళ్ళు, పుట్టి పెరిగింది నారాయణగూడలోనే. మట్టిలో బతికే బూజుల మీద ఆరేళ్ళుగా పరిశోధన చేస్తోంది. థీసిస్ ఇచ్చేసింది, వచ్చే గురువారం వైవా. ఆమె గైడు ఇంద్రసేన గారు రిటైరయ్యాక, ప్రహ్లాద్ అనే ఆయన నారాయణగూడలో పెట్టిన పరిశోధన కేంద్రానికి పెద్దదిక్కుగా ఉంటున్నారు. ఆ కేంద్రం ట్రైకోడెర్మా అనే బూజును పెంచి, పొడి చేసి, పాకెట్లలో పెట్టి రైతులకు ఇస్తుంది. బూజు అనగానే ముఖం చిట్లించకండి, ఇది మంచిది. విత్తనాలకు పట్టించి నాటితే మొక్కకు వేరుకుళ్ళు రానివ్వదు. పాలమూరు మట్టిలోంచి దాన్ని పట్టుకొచ్చింది నళిని. ఇది ట్రైకోడెర్మాయే అని సంతకం పెట్టింది ఇంద్రసేన గారు.

నిరుటి యాసంగిలో, అంటే రబీ పంటకు, మొదటిసారిగా ఒకే ఒక ఊరికి ఆ పాకెట్లు ఇచ్చారు. ఆ ఊరి కుర్రాడు వెంకటేశ్ అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. వాళ్ళ అమ్మ ఎల్లవ్వకు ఉన్న రెండు బర్రెలూ ఈ ఆగస్టులో, సొంత చేను పల్లీలు గానుగ పట్టగా మిగిలిన చెక్క తిన్న పది రోజులకు చనిపోయాయి. ఎందుకో ఎవరికీ తెలియలేదు. వెంకటేశ్‌కు మాత్రం అనుమానం వచ్చి, ఇంట్లో మిగిలిన సగం పాకెట్ తెచ్చి నళిని చేతిలో పెట్టాడు.

ఆ పొడిలోని బూజును పెంచి, స్లైడు మీద పెట్టి చూసింది నళిని. కనపడవలసింది కొమ్మలు, కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా బీజాలు. కనపడింది వేరు. పొడుగాటి కాడ, కాడ మీద గుండ్రటి తల, తల చుట్టూ బీజాలు. తడి తగిలిన పల్లీల మీద పచ్చగా పట్టి, గింజలో విషం పుట్టించే ఆస్పర్‌జిల్లస్ అది. రెండూ పచ్చగానే ఉంటాయి, పొడి చేస్తే తేడా కంటికి తెలియదు. తేడా చెప్పడానికే కదా మైక్రోస్కోపు ఉన్నది, ఆరేళ్ళ చదువు ఉన్నది.

ఒక్క పాకెట్ పాడై ఉండొచ్చు అనుకుని ఫ్రిజ్‌లోంచి పాకెట్లన్నిటికీ మూలమైన తల్లి కల్చర్ తీసి చూసింది. అందులోనూ అదే. అక్కడ ఆగాం కిందటి వారం.

ఆ తర్వాత ఆమె చేసిన పని ఒకటుంది. నిరుడు ఫిబ్రవరిలో ఇంద్రసేన గారి సంతకం కోసం తయారుచేసిన స్లైడును వెతికి తీసింది. అద్దం అంచులకు గోళ్ళరంగు పూసి మూసేస్తే స్లైడు ఏళ్ళ తరబడి ఉంటుంది, మన పరిశోధనశాలల్లో ఇది మామూలే. ఎర్రరంగు పూసిన ఆ స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా జరిపింది. మధ్యలో అంతా నలిగిపోయిన బీజాలే. ఒక మూలన మాత్రం, నలగకుండా మిగిలిన ఒక్క గుండ్రటి తల ఉంది. అంటే తర్వాతెప్పుడో చెడిపోయింది కాదు. మొదటి రోజు నుంచీ అదే. ఆ రోజు స్లైడును కాస్త పక్కకు జరిపి ఉంటే కనపడేది. జరపలేదు. ఆ నేరం తనదని నళినికి అక్కడికక్కడే తెలిసిపోయింది. 

అయినా ఒక ఆశ మిగిలింది. సంతకం పెట్టింది సారు కదా. నలభై ఏళ్ళుగా బూజులు చూస్తున్న మనిషి ఆ రోజు ఏం చూసి సంతకం పెట్టారో అడగాలి అనుకుంది. తన కంటికి ఆననిది ఏదో ఆయన కంటికి కనపడి ఉండాలి. మునిగేవాడికి గడ్డిపోచ అంటారే, అలాంటి ఆశ.

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకు ప్రహ్లాద్ దగ్గరికి వెళ్ళింది. ఆయన చెడ్డమనిషి కాదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, చెప్పిందంతా విన్నాడు. రాష్ట్రం కోసం జరుగుతున్న సమ్మె మూలంగా నెలరోజులు వ్యాన్లు కదల్లేదని, ఇప్పుడు బస్సులూ బండ్లూ నడుస్తున్నాయి గనక రేపు పొద్దున తొమ్మిదింటికి ఆరు వేల పాకెట్లు పాలమూరు బయల్దేరుతున్నాయని చెప్పాడు. రైతులు దున్ని పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆపమంటే ఆపడానికి తనకు అభ్యంతరం లేదు. కానీ ఎవరి మాట మీద ఆపాలి?

"నీ థీసిస్‌ల నాలుగో అధ్యాయమంతా అది ట్రైకోడెర్మానే అని రాసినవ్. ఇప్పుడు కాదంటున్నవ్. ఏ నళినిని నమ్మాలమ్మా నేను? సార్‌తోని రాయించుక రా. ఎందుకు కాదో గూడ రాయాలె. రేపు నా దగ్గరికి రైతులొచ్చి అడిగితె చూపించనీకి నా చేతుల కాయితం ఉండాలె కద," అన్నాడు.

న్యాయమైన మాటే. న్యాయమైన మాటలే ఒక్కోసారి గొంతు పట్టుకుంటాయి.

అక్కడి నుంచి చిక్కడపల్లికి నడుస్తుంటే దారిలో లైబ్రరీ మెట్ల మీద వెంకటేశ్ కూర్చుని ఉన్నాడు. పరీక్ష పుస్తకాలు ఒళ్ళో ఉన్నాయి గానీ తెరిచి లేవు. నళినిని చూసి లేచాడు. ఏమని తేలింది అని అడిగాడు. సారును కలిశాక చెబుతానంది ఆమె. అబద్ధం కాదు, నిజమూ కాదు. బర్రెలు ఆ చెక్క వల్లే చచ్చాయని రుజువు ఆమె దగ్గర లేదు. దాని వల్ల కాదని చెప్పే ధైర్యం కూడా లేదు.

వెంకటేశ్ గుచ్చి గుచ్చి అడగలేదు. తల్లి రోజూ ఫోన్ చేస్తోందని మాత్రం చెప్పాడు. బర్రెల గురించి కాదట. పాకెట్ గురించట.

"ఊళ్ళె అందరు ఇత్తుకుంటున్నరు అక్కా. మా అమ్మ ఒక్కతె ఆగింది. నళినక్క పాకెట్ రానీ, బెల్లం నీళ్ళల్ల కలిపి పట్టిచ్చినంకనే పెడ్త అంటది. నువ్వు నేర్పినవ్ కద."

అవును, తనే నేర్పింది. నిరుడు ఎల్లవ్వ ఇంటి ముందు గోనెసంచి పరిచి, బెల్లం నీళ్ళు చిలకరించి, పల్లి గింజల మీద ఆ పచ్చటి పొడి చల్లి, గింజగింజకూ అంటేలా చేత్తో ఎలా కలపాలో చూపించింది. తర్వాత నీడలో ఆరబెట్టమంది. ఎల్లవ్వ కలుపుతూ కలుపుతూ, పిల్లకు పసుపు పెట్టినట్టుంది బిడ్డా అని నవ్వింది కూడా. నమ్మి చెడినవారు లేరని సామెత. ఆ సామెత పుట్టించినవాళ్ళు పాలమూరు పల్లి చేల దాకా వెళ్ళి ఉండరు.

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో ఇంద్రసేన గారి ఇల్లు. కింద రెండు గదులు కిరాయికి ఇచ్చి పైన భార్యాభర్తలిద్దరూ ఉంటారు. నళిని మెట్లెక్కేసరికి సాయంత్రం నాలుగు కావస్తోంది. తలుపు తీసింది అన్నపూర్ణమ్మ. బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, మెడలో గొలుసుకు కళ్ళద్దాలు వేలాడుతుంటాయి. నళిని ముఖం చూసి, ఏమైంది బిడ్డా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఇంద్రసేన గారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. ఎదురుగా బల్ల మీద ఆయన పాత మైక్రోస్కోపు. కరెంటుతో పనిలేనిది, కింద ఉన్న అద్దాన్ని వెలుతురు వైపు తిప్పుకుంటే చాలు. అడుగుల చప్పుడుకే, "నళినీ, రా," అన్నారు. ఆయన మనిషిని ఎప్పుడూ అడుగుల చప్పుడుతోనే గుర్తుపడతారు. శిష్యులంతా దాన్ని ముచ్చటగా చెప్పుకునేవాళ్ళు.

ఇంకో ముచ్చట కూడా ఉంది, అది ఈ కథకు ముఖ్యం. సారు విద్యార్థుల మైక్రోస్కోపులో తల పెట్టరు. పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, "చెప్పు, ఏం కనపడుతున్నదో చెప్పు," అంటారు. రంగు చెప్పాలి, ఆకారం చెప్పాలి, కాడకు అడ్డగోడలు ఉన్నాయో లేవో చెప్పాలి. ఒక్క మాట తడబడితే మళ్ళీ మొదటి నుంచి చెప్పిస్తారు. చూడడం నేర్పే గురువు అంటే ఆయనే అని ఊరంతా పేరు. ఆయన దగ్గర ఆరు నెలలు చేసినవాడు ఎక్కడైనా బతుకుతాడనేవాళ్ళు. నళిని కూడా నలుగురిలో ఆ మాట ఎన్నిసార్లో అంది, గర్వంగానే అంది.

నళిని కూర్చోకుండానే విషయం చెప్పింది. పాకెట్, తల్లి కల్చర్, పాత స్లైడు, అన్నీ చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. చివరికి ఆమె అడగవలసింది అడిగింది. ఆ రోజు స్లైడు తెచ్చాను, ఒక్కసారి మీ కళ్ళతో చూడండి సార్ అంది.

"నువ్వు చూసినవ్ కద. చెప్పు," అన్నారాయన, అలవాటుగా.

"నేను చెప్పను సార్. మీరే చూడాలె."

అంత గట్టిగా ఆయనతో మాట్లాడడం ఆరేళ్ళలో ఇదే మొదలు.  ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు. చెయ్యి చాచి మైక్రోస్కోపు అద్దాన్ని కిటికీ వైపు తిప్పారు, ఎంత సరిగ్గా తిప్పారంటే వెలుతురు నేరుగా గొట్టంలోకి ఎక్కింది. వంగి కన్ను ఆనించారు. వేళ్ళతో చక్రం సన్నగా ముందుకీ వెనక్కీ తిప్పారు. ఆ వేళ్ళ ఒడుపు చూడడానికే ఒకప్పుడు విద్యార్థులు చుట్టూ మూగేవాళ్ళు.

"తొందరపడ్డవ్ బిడ్డా," అన్నారు నెమ్మదిగా. "కొమ్మలు మంచిగనే ఉన్నయి. కాకపోతె జర నలిగినయి. గుత్తులు చూడు, కొస దగ్గర సన్నగయ్యి ఎట్లున్నయో. ట్రైకోడెర్మానే ఇది. నాకేం అనుమానం లేదు."

  స్లైడు ఇంకా నళిని చేతిలోనే ఉంది. డబ్బా మూత బిగుసుకుపోతే ఊడదీసి, అప్పుడే రెండు వేళ్ళతో బయటికి తీసింది. మైక్రోస్కోపు మీద, స్లైడు పెట్టే పీట మీద ఏమీ లేదు. ఖాళీ వెలుతురును చూసి ఆయన కొమ్మలు చెబుతున్నారు, గుత్తులు చెబుతున్నారు.

గుమ్మంలో టీ కప్పులు పట్టుకుని అన్నపూర్ణమ్మ నిలబడి ఉంది. నళిని చేతిలోని స్లైడును ఆమె చూసింది. భర్త వంగిన వీపును చూసింది. కప్పులు అక్కడే నేల మీద పెట్టి, గోడకు ఆనుకుంది.

"ఏమండి," అంది. "అండ్ల స్లైడు లేదండి."

ఇంద్రసేన గారు వెంటనే తల ఎత్తలేదు. ఎత్తాక కూడా ఎవరి వైపూ తిరగలేదు, కిటికీ వైపే ఉన్నారు. కోపం తెచ్చుకుంటే బాగుండునని నళినికి అనిపించింది. అరిస్తే బాగుండును. ఆయన చేతులు మాత్రం చక్రం మీదే ఉండిపోయి, కాసేపు అలాగే తిప్పుతున్నాయి.

ఆ తర్వాత ఆయనే చెప్పారు, ఏదీ దాచకుండా చెప్పారు. ఆరేళ్ళ కిందట, నళిని చేరిన ఏడాదే, మొదట కుడికన్ను, ఆ వెంటనే ఎడమకన్ను. చూపు నడిమధ్యలో ఒక మచ్చ. దేన్ని చూడాలనుకుంటే సరిగ్గా దాని మీదే వచ్చి కూర్చుంటుంది. పక్కలు కనపడతాయి, అందుకే నడవగలరు, మెట్లు దిగగలరు. మనిషి ముఖం కనపడదు. అక్షరం కనపడదు. మైక్రోస్కోపులో అయితే ఏమీ కనపడదు. డాక్టర్లు చేసేదేం లేదన్నారు. థీసిస్‌లూ ఉత్తరాలూ అన్నీ అన్నపూర్ణమ్మ చదివి వినిపించేది. ఆ పొడుగాటి లాటిన్ పేర్లు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివేది.

శిష్యుల చేత చెప్పించడం మొదట్లో నిజంగా చూడడం నేర్పడానికే పెట్టుకున్న పద్ధతి. చూపు పోయాక అదే ఆయనకు చేతికర్ర అయింది. ఆపేద్దామని ఆయన ప్రతి ఏడూ అనుకున్నారు. ప్రతి ఏడూ ఇంకొక విద్యార్థి మధ్యలో ఉండేవాడు. ఈ ఆరేళ్ళలో తొమ్మిది మంది ఆయన సంతకంతో డాక్టర్లయ్యారు. ఉద్యోగాల్లో ఉన్నారు, పిల్లల్ని కన్నారు.

నళినికి జాలి కలగలేదు, ముందు కోపమే వచ్చింది. ఒంటరిగా మోసపోయినట్టు, ఆరేళ్ళు గోడతో మాట్లాడినట్టు అనిపించింది. మీరు చూస్తారనే ధైర్యంతోనే కదా సార్ నేను అంది. మీరు సంతకం పెడితే మీరు చూసినట్టే అనుకున్నాను అంది. 

అప్పుడు ఇంద్రసేన గారు ఆమె గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పారు.

"నేను నీ కండ్లతోని చూసిన నళినీ. ఆ రోజు నాకు యాదికుంది. కొమ్మలున్నయా అని అడిగిన. ఉన్నయి సార్ అన్నవ్. గుత్తులు? ఉన్నయి సార్ అన్నవ్. ఇప్పుడు చెప్పు. చూసినవా?"

ఎదురుదాడి కాదది. ఆయన నిజంగా తెలుసుకోవాలనుకుంటున్నారు. అందుకే అది మరీ లోతుగా దిగింది.

ఆ రోజు నళిని ఒక్కతే నలభై స్లైడులు చెయ్యవలసి ఉంది. ఈ స్లైడు సరిగ్గా కుదరలేదు, అద్దం గట్టిగా నొక్కడంతో అంతా నలిగిపోయింది. పచ్చటి గుండ్రటి బీజాలు తప్ప ఇంకేం తెలియడం లేదు. మళ్ళీ చేద్దామనుకుంటుండగా సారు వచ్చి పక్కన నిలబడి కళ్ళు మూసుకున్నారు. కొమ్మలున్నాయా అని అడిగారు. అంతకు ముందు పెట్టిన పన్నెండు స్లైడుల్లోనూ కొమ్మలు ఉన్నాయి. దీనిలోనూ ఉండే ఉంటాయి. లేకపోతే సారే కనిపెడతారు, తిడతారు, మళ్ళీ చెయ్యమంటారు. అలా అనుకునే ఉన్నాయి సార్ అంది. ఆమె ఆయన్ను నమ్మింది. ఆయన ఆమెను నమ్మారు. ఇద్దరిలో ఒక్కరూ స్లైడును చూడలేదు.

"చూడలే సార్," అంది. ఆ రెండు మాటలు చెప్పడానికి ఆమెకు ఉన్న బలమంతా పట్టింది.

ఆయన తల ఊపారు. చాలాసేపు ఊపుతూనే ఉన్నారు. కింద సందులో ఎవరో స్కూటరు స్టార్ట్ కాక తంటాలు పడుతున్నారు. అన్నపూర్ణమ్మ నేల మీది కప్పులు తీసి లోపల పెట్టి వచ్చింది. ఎవరూ టీ తాగలేదు.

"కాయితం తియ్యి," అన్నారు ఇంద్రసేన గారు. "రేపు పొద్దుగాల్ల తొమ్మిదింటికి కద బండ్లు పోయేది. నేను చెప్త, నువ్వు రాయి. ఇంగ్లీషు వద్దు, తెలుగులనే రాయి. ప్రహ్లాద్ రెండో మాట అడగొద్దు."

నళిని సంచిలోంచి తెల్లకాగితం, పెన్ను తీసి బల్ల దగ్గర కూర్చుంది. ఆయన పాఠం చెప్పినట్టే చెప్పారు, తొణక్కుండా, ప్రతి మాటకూ ఆగుతూ.

ప్రహ్లాద్ గారికి. నిరుడు ఫిబ్రవరిలో ట్రైకోడెర్మా అని నేను సంతకం పెట్టిన కల్చర్ ట్రైకోడెర్మా కాదు. ఆస్పర్‌జిల్లస్. పల్లీకి విషం పట్టించే బూజు. దానితో చేసిన పాకెట్ ఒక్కటి కూడా బయటికి పోకూడదు. పోయినవి వెనక్కి తెప్పించాలి. ఆ స్లైడును నేను చూడలేదు. ఆరేళ్ళుగా నాకు చూపు లేదు, ఆ సంగతి దాచాను.

ఇక్కడి దాకా నళిని పెన్ను ఆగలేదు. కన్నీళ్ళు కారుతున్నా ఆగలేదు. ఆయన తర్వాతి మాటలు చెప్పారు.

కొమ్మలు కనపడుతున్నాయని నా విద్యార్థిని నళిని చెప్పింది, ఆ మాట మీద సంతకం పెట్టాను. ఆమె కూడా చూడలేదని ఇవాళ నాతో ఒప్పుకుంది.

పెన్ను కాగితం మీద ఉంది, కదల్లేదు. వచ్చే గురువారం వైవా. నాన్నకు పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది, ఆమె స్టైపెండు మీదే ఇల్లు గడుస్తోంది. ఈ రెండు వాక్యాలు కాగితం మీద పడితే థీసిస్ లేదు, డిగ్రీ లేదు, ఆరేళ్ళూ లేవు. అవి లేకపోతే మాత్రం పాకెట్లు ఆగవా? ఆగుతాయి. సారు చూడలేదన్న మాట చాలు ఆగడానికి. ఈ వాక్యాల వల్ల కొత్తగా బతికే చేను ఒక్కటీ లేదు. ఇలా లెక్క వేసుకుంది నళిని, అది తప్పు లెక్క అని నేననను. తప్పల్లా దాని తర్వాత చేసిన పనిలో ఉంది.

"రాసినవా? చదువు," అన్నారాయన.

ఆమె చదివింది. మొదటి నుంచి చివరి దాకా, రాయని ఆ రెండు వాక్యాలతో సహా, ఒక్క మాట పొల్లుపోకుండా చదివింది. గొంతు ఎక్కడా వణకలేదు. ఆరేళ్ళుగా ఆయన ముందు లేనివి ఉన్నట్టు చెప్పడం అలవాటైన గొంతు కదా.

ఇంద్రసేన గారు చెయ్యి చాచారు. నళిని ఆయన వేలు పట్టుకుని కాగితం అడుగున సంతకం చోట పెట్టింది. ఆయన సంతకం చేసి, భారం దిగినట్టు నిట్టూర్చి, కాసేపు నడుం వాలుస్తానని లోపలి గదిలోకి వెళ్ళారు. వెళుతూ ఆమె తల మీద చెయ్యి పెట్టబోయారు. చెయ్యి భుజం మీద పడింది.

కవరులో పెట్టి ఇస్తానని అన్నపూర్ణమ్మ ఆ కాగితం తీసుకుంది. మెడలో గొలుసుకు వేలాడుతున్న కళ్ళద్దాలు పెట్టుకుంది. నిలబడే చదివింది. ఒకసారి చదివి, చివరికి వచ్చాక కాగితం తిప్పి వెనకవైపు చూసింది. అక్కడేమీ లేదు. లోపలి గది తలుపు దగ్గరగా వేసి వచ్చి నళిని ఎదురుగా కూర్చుంది.

"నువ్వు చదివినయి రెండు మాటలు ఈ కాయితంల లేవు," అంది, లోపలికి వినపడనంత చిన్నగా.

 నళిని క్షమించమనడానికి నోరు తెరిచింది. అన్నపూర్ణమ్మ వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది.

"ఆరేండ్ల సంది ఈయనకు చదివి వినిపిస్తున్న బిడ్డా. లేనిది చదువుతుంటె మనిషి గొంతు ఎట్లుంటదో నాకు ఎర్కనే. నువ్వు చదువుతుంటెనే సమజైంది." ఆమె కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకోలేదు. "నువ్వు లేనిది చదివినవ్. నేను ఉన్నది చదవలే. మనిద్దరికంటె ఆయనే నయం."

లేచి, బీరువాలో చీరల అడుగు నుంచి ఒక పోస్టుకార్డు తీసి తెచ్చింది. భర్త పేరు మీద వచ్చిందట. ఊరి పేరు చూడగానే పొడి మీద ఫిర్యాదేమోనని, ఇది వింటే ఆయన ఆ రోజే అందరి ముందూ తన చూపు సంగతి చెప్పేస్తారని, తొమ్మిది మంది పిల్లల చదువులు వీధిన పడతాయని భయపడి తను చదవలేదట, ఆయనకూ వినిపించలేదట. ముందు ఇవాళ రేపు అనుకుందట, తర్వాత సమ్మె అయిపోనీ, అప్పుడు చూద్దామనుకుందట. ఇదంతా ఆమె చెబుతూనే ఉంది, నళిని వినడం మానేసి కార్డు చేతిలోకి తీసుకుంది.

ఎల్లవ్వ ఊరి నుంచే వచ్చింది. రాసింది ఎల్లవ్వ కాదు, ఆ ఊరి బాలవాడి టీచరు రామమ్మ. గుండ్రటి అక్షరాలు, చోటు చాలక చివర్లో చిన్నవై అంచుల వెంట పైకి పాకాయి. బర్రెల మాట అందులో ఎక్కడా లేదు.

సార్ గారికి నమస్కారాలు అని మొదలైంది. మీ పొడి పట్టించిన చేన్లల పండిన పల్లీలు రైతులు మా బాలవాడి పిల్లల కోసం నాలుగు బస్తాలు ఇచ్చినారు. బెల్లం వేసి ముద్దలు చేసి రోజూ పెడుతున్నాము. ముగ్గురు పిల్లలకు కండ్లు పచ్చబడి కడుపు ఉబ్బింది. పసరు పోయించినాము, తగ్గలేదు. కొందరు పల్లి ఆపమంటున్నారు. మీ అంత పెద్దసారు మంచిదని సంతకం పెట్టిన పంట, ఎట్ల ఆపుతాము అని నేను అన్నాను. పెట్టవచ్చునా, వద్దా, ఒక్క ముక్క రాయగలరు. మీరు వద్దని రాసేదాకా పెడుతూనే ఉంటాము.

నళిని కార్డు తిప్పి ముద్ర చూసింది. ఆగస్టు పన్నెండు. ఇవాళ అక్టోబరు పందొమ్మిది.

"జవాబు రాసిన్రా అమ్మా?" అని అడిగింది.

అన్నపూర్ణమ్మ తల వంచుకుంది. దగ్గరగా వేసిన తలుపు అవతల మంచం కిర్రుమంది, ఇంద్రసేన గారు లేచి కూర్చున్నారు.

"ఎవరికి జవాబు?" అని అడిగారు.